చీకటి కడలిలో గాలపు చేప

అంతర్వేది నుంచి కాకినాడ వరకు ఎక్కడ ఒడ్డున నిలబడి చూసినా బంగాళాఖాతం ఆకాశం దాకా ఒకే మట్టంగా పరచుకున్న నీటి మైదానంలా కనిపిస్తుంది గాని, ఆ నీటి కింది నేల మాత్రం ఒకే మట్టంగా లేదు. గోదావరి డెల్టాను ఆనుకుని ఉన్న లోతు తక్కువ సముద్రాన్ని భూగోళ శాస్త్రం ఖండతీరపు అంచు అంటుంది. కోనసీమ నేల ఏ ఒండ్రుతో ఏర్పడిందో ఆ ఒండ్రే నీటి కింద కూడా కొంత దూరం పరచుకుని ఉంటుంది కాబట్టి, ఆ అంచును మునిగి ఉన్న డెల్టాగా భావించినా తప్పులేదు. అయితే ఇక్కడ ఆ అంచు వెడల్పు తక్కువ. తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటేసరికి అది తెగిపోయి, ఖండతీరపు వాలు మొదలై, నేల 200 మీటర్ల నుంచి 1,000 మీటర్లకు, అక్కడి నుంచి 2,000 మీటర్లకు పైగా దిగిపోతుంది. నదీ ముఖాల ఎదుట ఈ వాలును కోసుకుంటూ సముద్రగర్భ లోయలు కూడా ఉన్నాయి. పగలు, రాత్రి అనే భేదం లేని అటువంటి లోతు నీటిలో, తల మీద మొలిచిన ముల్లునే గాలపు కర్రగా, దాని చివర వెలిగే చిన్న కండనే ఎరగా చేసుకుని, కదలకుండా మాటు వేసి బతికే చేపల జాతి ఒకటి ఉంది. తెలుగులో దానికి స్థిరపడిన పేరు లేనందున, అది చేసే పనిని బట్టి గాలపు చేప అనడం సబబు.

సముద్రపు నీరు వెలుతురును త్వరగా మింగేస్తుంది. ఎరుపు రంగు పైపై మీటర్లలోనే అంతరించి, ఆ తర్వాత పసుపు, పచ్చ కూడా తగ్గిపోగా, చివరికి నీలపు కాంతి మాత్రమే కిందికి దిగుతుంది. 200 మీటర్లు దాటితే నాచుజాతి మొక్కలు బతకడానికి చాలినంత వెలుతురు ఉండదు, 1,000 మీటర్లు దాటితే సూర్యుడి జాడే ఉండదు. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతూ పోతుంది కనుక, 1,000 మీటర్ల దగ్గర ఉన్న చేప ఒడ్డున ఉన్న మనిషి మోసేదానికి సుమారు 100 రెట్ల ఒత్తిడిని మోయాలి. పైన నీరు 28, 29 డిగ్రీల వెచ్చదనంతో ఉన్న రోజున కూడా అక్కడ 6, 7 డిగ్రీల చలి ఉంటుంది. ఇంత లోతు గోదావరి జిల్లాలవారికి బొత్తిగా పరాయిది కాదు. 2020 డిసెంబరులో కాకినాడ తీరం ఎదుట కేజీ-డీ6 బ్లాకులోని ఆర్-క్లస్టర్ నుంచి గ్యాస్ ఉత్పత్తి మొదలైనప్పుడు, అక్కడి నీటి లోతు 2,000 మీటర్లకు పైబడి ఉందని, ఆసియాలో అంత లోతున ఉన్న గ్యాస్ క్షేత్రం మరొకటి లేదని రిలయన్స్ సంస్థ ప్రకటించింది. ఆ లోతే గాలపు చేపల లోకం.

చేపల వేట స్థూలంగా రెండు విధాలు. వెంటపడి పట్టేది ఒకటి, పొంచి ఉండి పట్టేది మరొకటి. రెండో పద్ధతి ఎలా ఉంటుందో డెల్టా కాలువల గట్టున పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. కొరమీను గుర్రపుడెక్క కింద, తూడు మధ్య కర్రముక్కలా నిలిచిపోయి, చిన్న చేపగాని కప్పపిల్లగాని దగ్గరికి వచ్చేదాకా ఆగి, వచ్చిన క్షణాన ఒక్క ఉదుటున నోట కరుచుకుంటుంది. అయితే కొరమీనుకు దాక్కునే చోటు ఉంది, పక్కనుంచి పోయే ఆహారం సమృద్ధిగా ఉంది. సముద్రపు నడిలోతులో ఈ రెండూ లేవు. అక్కడ నాచు లేదు, రాయి లేదు, పైనా కిందా పక్కలా నీరు తప్ప మరేమీ లేదు. ఇక ఆహారమంటారా, ఈత కొట్టి వెతికితే దొరికేదానికన్నా వెతకడానికి అయ్యే ఖర్చే ఎక్కువవుతుంది. అందువల్ల అక్కడి మాటు వేటగాడు రెండు పనులు చేయాలి: చీకటినే చాటుగా చేసుకోవాలి, ఆహారం దానంతట అదే తన నోటి దగ్గరికి వచ్చేట్టు చూసుకోవాలి. గాలపు చేప శరీరంలోని ప్రతి భాగమూ ఈ రెండు అవసరాల చుట్టూ అల్లుకున్నదే.

చేపల వీపు మీది రెక్కను నిలబెట్టే ముళ్లలో మొట్టమొదటిది ఈ జాతిలో రెక్క నుంచి విడివడి, ముందుకు జరిగి, ముక్కు పైభాగానికి చేరింది. దీనిని శాస్త్రజ్ఞులు ఇలీషియం అంటారు. ఆశపెట్టి రప్పించేది అని ఆ లాటిన్ మాటకు అర్థం. దాని కొసన ఉండే కండను ఎస్కా అంటారు. ఆ మాటకు ఎర అనే అర్థం. ముల్లు మొదట్లో ఉన్న కండరాలు దానిని ముందుకూ వెనక్కూ పక్కలకూ ఆడించగలవు కనుక, కొక్కేనికి గుచ్చిన వానపామును గాలం వేసినవాడు నెమ్మదిగా కదిలించినట్టే, ఈ చేప కూడా ఎరకు ప్రాణం ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. ఈ నైపుణ్యం లోతు సముద్రపు చేపలకే పరిమితం కాదు. మధ్యధరా సముద్రంలో లోతు తక్కువ నీటి ఇసుకలో ఒళ్లు కప్పుకుని, ఇదే విధంగా చిన్న చేపలను రప్పించి మింగే బంధుజాతిని గురించి రెండు వేల మూడు వందల ఏళ్లకు పూర్వమే అరిస్టాటిల్ రాశాడు. వర్గీకరణ శాస్త్రం ఈ మొత్తం బంధువర్గాన్ని లోఫియిఫార్మిస్ అనే ఒకే క్రమంలో చేర్చింది. ఇసుకలో పడుకునేవి, పగడపు దిబ్బల్లో రాయిలా కూర్చునేవి, అడుగున రెక్కలతో గబ్బిలంలా పాకేవి అందులో వేర్వేరు శాఖలు; నడిసముద్రపు చీకటిలో తేలుతూ బతికే శాఖకు సెరాషియాయిడులని పేరు, వాటిలో సుమారు 170 జాతులను ఇప్పటిదాకా గుర్తించారు.

ఇసుకలో పడుకునే చేపకు వెలుతురున్న నీటిలో మామూలు కండ ముక్క చాలు. చీకటిలో ఎర కనిపించాలంటే అది వెలగాలి. గాలపు చేపల్లో అత్యధిక జాతులకు ఆ వెలుగు తమ సొంతం కాదు, ఎస్కా లోపలి చిన్న సంచిలో కాపురముండే బ్యాక్టీరియాది. మిణుగురు పురుగు తన శరీరంలోని రసాయనాలతోనే వెలుగు పుట్టించుకుంటుంది. గాలపు చేప మాత్రం వెలిగే సూక్ష్మజీవులకు ఇల్లు, తిండి ఇచ్చి, వాటి వెలుగును తన వేటకు వాడుకుంటుంది. ఈ బ్యాక్టీరియా జన్యురాశిని 2018లో చదివిన శాస్త్రజ్ఞులు, స్వేచ్ఛగా బతికే వాటి బంధువులతో పోలిస్తే అది సుమారు సగానికి తగ్గిపోయిందని గమనించారు. తిండి పెట్టే ఇల్లు దొరికాక, సొంతంగా సంపాదించుకోవడానికి ఉండే జన్యువులు ఒక్కటొక్కటిగా రాలిపోయాయన్నమాట. అయినా అవి తల్లి నుంచి పిల్లకు వారసత్వంగా రావు. పిల్లచేపల ఎస్కాలో అవి కనిపించవు, పెరిగి లోతుకు దిగిన తర్వాత చుట్టూ ఉన్న నీటి నుంచే చేరతాయి. అంత విశాలమైన నీటిలో సరైన చేప సరైన సూక్ష్మజీవిని కలుసుకుని, తర్వాత జీవితమంతా కలిసి బతకడం ప్రకృతిలోని అపురూపమైన పొత్తులలో ఒకటి.

వెలుగును వాడుకునే వేటగాడికి ఒక ప్రమాదం ఉంది. ఎర దగ్గర దీపం వెలిగితే దాని వెనక ఉన్న నోరు, పళ్లు కూడా కనిపించిపోవాలి కదా. దీనికి సమాధానం చర్మంలో దొరికింది. లోతు సముద్రపు చేపల చర్మాన్ని కొలిచి 2020లో వెలువరించిన ఒక అధ్యయనం, కనీసం 16 జాతుల చేపలు తమ మీద పడిన కాంతిలో నూటికి అర వంతును కూడా తిప్పి పంపడం లేదని చూపింది. వాటిలో అన్నిటికన్నా నల్లనిది ఒనైరోడిస్ అనే గాలపు చేప. దాని చర్మం మీద పడిన నీలపు కాంతిలో తిరిగి వచ్చేది నూటికి 0.04 వంతు మాత్రమే. మనిషి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థమే ఇక్కడ కూడా పనిచేస్తోంది గాని, దానిని మోసే సూక్ష్మమైన గింజలు చర్మపు పైపొరలో సందు లేకుండా ఇరుక్కుని ఉండటం వల్ల, ఒక గింజను తప్పించుకున్న కాంతి పక్క గింజలో చిక్కి అక్కడే ఆగిపోతుంది. కాటుక నలుపు కూడా దీని ముందు వెలవెలబోతుంది. ఆ చర్మం తొడుక్కున్న చేప తన దీపపు వెలుగులో తానే కనిపించదు. చీకటిలో ఒక నీలపు చుక్క మాత్రమే ఆడుతూ ఉంటుంది.

ఆ చుక్కను ఏదో చిన్న పురుగు అనుకుని దగ్గరికి వచ్చిన చేపకు గాని రొయ్యకు గాని తిరుగుదారి ఉండదు. గాలపు చేప నోరు తల వెడల్పంతా ఆక్రమించి పైకి తెరుచుకుని ఉంటుంది. అది ఒక్కసారిగా దవడలు విప్పి మొప్పల గదిని పెద్దది చేయడంతో, చుట్టూ ఉన్న నీరు దానిలోకి దూసుకుపోతూ ఎరకు ఆశపడ్డ ప్రాణిని కూడా లాక్కుపోతుంది. సూదుల్లాంటి పొడవైన పళ్లు లోపలికి మాత్రమే వంగేట్టు కీళ్ల మీద అమరి ఉండటం వల్ల, చేపల బుట్టకు పెట్టే వెదురు పుల్లల ముఖద్వారంలా, లోపలికి పోవడం సులువు, బయటికి రావడం అసాధ్యం. పొట్ట సాగే గుణం ఎంతటిదంటే, తనంత పొడవున్న చేపను, ఒక్కోసారి తనకన్నా పెద్దదాన్ని కూడా మింగి మడిచి దాచుకోగలదు. తిండి మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని చోట, దొరికినదాన్ని పరిమాణం చూసి వదులుకునే వీలు ఉండదు.

గాలం వేసే తీరులో కూడా జాతికొక పద్ధతి ఉంది. లాసియోగ్నాథస్ అనే చేప ఎర చుట్టూ నిజమైన కొక్కేల్లాంటి ముళ్లు ఉంటాయి. థామాటిక్థిస్ అనే అడుగున బతికే చేప ముల్లును బయట ఆడించే శ్రమ కూడా పెట్టుకోకుండా, దీపాన్ని నోటి లోపలి పైకప్పుకే వేలాడదీసుకుంటుంది. హవాయి దీవులకు, కాలిఫోర్నియాకు మధ్య సుమారు 5,000 మీటర్ల లోతున, మనిషి లేకుండా తాడుతో నడిపే యంత్రం ఒకటి తీసిన చిత్రాల్లో, జైగాంటాక్టిస్ అనే కొరడా ముక్కు గాలపు చేపలు వెల్లకిలా తిరిగి, తమ శరీరం కన్నా పొడవైన గాలాన్ని సముద్రపు అడుగుకు దగ్గరగా వేలాడదీసి, కదలకుండా ప్రవాహంతో కొట్టుకుపోతూ కనిపించాయి. చచ్చి పైకి వచ్చిన చేపలను సీసాల్లో చూసి ఈ ప్రవర్తనను ఊహించడం ఎవరివల్లా అయ్యేది కాదు.

అయినా గాలం, దీపం, పళ్లు ఈ చేప గొప్పతనంలో సగం మాత్రమే. మిగతా సగం అది ఖర్చు పెట్టకుండా బతకడంలో ఉంది. భీమవరం, కొల్లేరు ప్రాంతాల చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి వంటి చేపలకు గెడలకు కట్టిన చిల్లుల సంచుల్లో తవుడు రోజూ అందుతుంది. అవి తిని, ఈది, కండ పెంచుకుని నెలల్లో కిలోల బరువుకు చేరతాయి. గాలపు చేప దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో మలచబడిన జీవి. దాని ఎముకలు పలచన, కండరాలు బలహీనం, ఒంట్లో అధిక భాగం నీరు నిండిన మెత్తని జిగురు పదార్థం. ఈత కొట్టే చేపలకు ఉండే దిటవైన వెన్నుకండ దానికి లేదు, గాలి తిత్తి కూడా లేదు. బలం కావలసిన చోట, అంటే దవడల్లోనూ గాలపు ముల్లు మొదట్లోనూ మాత్రమే కండ మిగిలింది. చివరికి ఊపిరిలో కూడా పొదుపు కనిపిస్తుంది: సముద్రపు అడుగున కూర్చుని ఉండే చౌనాసిడే అనే దగ్గరి బంధుకుటుంబపు చేపలు నోటి నిండా తీసుకున్న నీటిని వెంటనే వదలకుండా 4 నిమిషాల దాకా మొప్పల గదిలో బిగపట్టి ఉంచడాన్ని, లోతు సముద్రంలో తీసిన వీడియోలను పరిశీలించి 2019లో పరిశోధకులు నమోదు చేశారు. కూర్చున్న చోట కూర్చుని, ఊపిరి తీసే శ్రమ కూడా తగ్గించుకుని, ఒంటి కదలికతో ఎరను బెదరగొట్టకుండా కాచుకుని ఉండటమే దాని బతుకు.

ఇంత పొదుపు అవసరమైన ఆ లోకానికి తిండి ఎక్కడినుంచి వస్తుందన్నది గోదావరి వాసులకు దగ్గరి సంగతి. చీకటిలో మొక్కలు పెరగవు గనుక, అక్కడి ప్రాణులన్నీ పైనుంచి రాలే శిథిలాల మీదనో, వాటిని తిన్న ప్రాణుల మీదనో ఆధారపడాలి. చచ్చిన సూక్ష్మజీవులు, రొయ్యల పెంకులు, చేపల మలం కలిసి జిగురు రేకులుగా నెమ్మదిగా కిందికి దిగే ఈ రాలుడును శాస్త్రజ్ఞులు సముద్రపు మంచు అంటారు. దారిలోనే దాన్ని చాలా ప్రాణులు తినేయడంతో 1,000 మీటర్ల కిందికి చేరేది స్వల్పం. బంగాళాఖాతంలో మాత్రం దీనికి ఒక ప్రత్యేకత ఉంది. సముద్రంలో వేలాడదీసిన పరికరాలతో రాలుడును కొలిచి 1991లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, హిమాలయ నదులు, ద్వీపకల్ప నదులు మోసుకొచ్చే మట్టి రేణువులు ఆ రేకులకు అంటుకుని, వాటి బరువు పెంచి, అవి త్వరగా లోతుకు దిగేట్టు చేస్తాయి. జూలై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దాటి పాయల్లోకి దూకే ఎర్రనీరు పులస రాకకు గుర్తు అని ఏటిగట్టున అందరికీ తెలుసు. ఆ ఎర్రనీటిలోని మట్టికి చీకటి సముద్రానికి తిండి చేరవేసే పని కూడా ఉందన్నది అంతగా ప్రచారంలో లేని సంగతి. అదే వరదనీరు మరోవిధంగా ఇక్కడి లోతులను కఠినం చేస్తుంది: తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరచుకోవడంతో పైనీరు కిందినీటితో సులువుగా కలవదు, కొన్ని వందల మీటర్ల మందాన ప్రాణవాయువు బాగా తగ్గిపోయిన పొర ఏర్పడుతుంది. అటువంటి నీటి పక్కన బతకడానికి తక్కువ ఖర్చుతో నడిచే శరీరమే అనువైనది.

బంగాళాఖాతపు లోతులలో ఈ చేపలు ఉన్నాయని మొదట రుజువు చేసింది ఒక సర్వే ఓడ. 1881లో బొంబాయిలో నిర్మించిన ఇన్వెస్టిగేటర్ అనే ఆవిరి ఓడకు అసలు పని తీరాల లోతులు కొలిచి ఓడల దారికి పటాలు తయారుచేయడం. దాని మీద వైద్యుడిగా నియమితులైనవారే ప్రకృతి పరిశీలకులుగా కూడా పనిచేసేవారు. 1888 నుంచి 1892 వరకు ఆ పదవిలో ఉన్న ఆల్ఫ్రెడ్ విలియం ఆల్కాక్ ఆ అవకాశాన్ని ఉపయోగించుకున్నట్టు మరెవరూ ఉపయోగించుకోలేదు. భారత తూర్పు తీరం, అండమాన్ సముద్రం, లక్షదీవుల పరిసరాల్లో లోతుకు దించిన వలల్లో చిక్కిన ప్రాణులను ఆయన ఓడ మీదే పరిశీలించి, కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంకు చేర్చి, తర్వాత అదే సంస్థకు అధిపతి కూడా అయ్యాడు. 1899లో వెలువరించిన భారతీయ లోతు సముద్రపు చేపల వివరణాత్మక పట్టిక నేటికీ ఈ రంగంలో పనిచేసేవారికి చేతిపుస్తకం. కిలోమీటర్ల పొడవు తాడు చివర వలను దించి, గంటల తరబడి లాగి, పైకి వచ్చిన బురదను చేతులతో వెతికిన కాలమది. అందులో దొరికిన ఒక్కొక్క చేప ఒక జాతికంతటికీ సాక్షిగా నిలిచిపోయేది.

ఆ విధంగా బంగాళాఖాతంలో దొరికిన ఒక చిన్న నల్లని గాలపు చేపకు ఆల్కాక్ 1890లో పరొనైరోడిస్ గ్లోమెరోసస్ అని పేరు పెట్టాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు దీనిని డైసెరాటియిడే అనే కుటుంబంలో చేర్చారు. ఆ పేరుకు రెండు కొమ్ములది అని అర్థం. మిగతా గాలపు చేపలకు తల మీద ఒకటే గాలం ఉంటే, ఈ కుటుంబంలోని చేపలకు మొదటి ముల్లు వెనకనే మరో పొట్టి ముల్లు, దాని కొసన కూడా బ్యాక్టీరియా వెలుగు నింపిన బుడిపె ఉంటాయి. పెద్దవైన చేపల్లో ఆ రెండో ముల్లు చర్మంలోకి ఒదిగిపోతుంది. చీకటి నీటిలో ఒకటికి రెండు దీపాలు పట్టుకుని కాచుకున్న ప్రాణిని, అది బతికి ఉండగా చూడకుండానే, వలలో నలిగి వచ్చిన ఒంటిని బట్టి గుర్తించి వర్ణించిన శ్రద్ధ మెచ్చుకోదగినది.

లోతు తక్కువ చోట్ల బతికే దాని చుట్టాలకు కూడా ఆల్కాక్ పేర్లు పెట్టాడు. 1889లో వర్ణించిన లోఫియస్ ఇండికస్, 1894లో వర్ణించిన లోఫియస్ మ్యూటిలస్ అనేవి బల్లపరుపు ఒళ్లు, విశాలమైన నోరు కలిగి బురదలో పడుకునే రకాలు. హాలియుటియా అనే గబ్బిలపు చేపల్లో ఒకదానికి 1889లో, మరొకదానికి 1891లో ఆయన నామకరణం చేశాడు. వీటి గాలం మరీ పొట్టిదై, ముక్కు కింద చిన్న గూటిలో దాగి ఉంటుంది.

గాలపు చేపల సంసారం వేట కన్నా వింతైనది. 1922లో ఐస్‌లాండ్ శాస్త్రజ్ఞుడు బ్యార్ని సెమున్సన్‌కు చేజిక్కిన ఒక పెద్ద గాలపు చేప పొట్టకు రెండు చిన్న చేపలు అతుక్కుని కనిపించగా, అవి దాని పిల్లలేమోనని ఆయన భావించాడు. మూడేళ్ల తర్వాత, 1925లో, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తున్న చార్లెస్ టేట్ రీగన్ అటువంటి ఒక చిన్న చేపను కోసి చూసి, అది పిల్ల కాదని, ఎదిగిన మగచేప అని తేల్చాడు. అప్పటిదాకా సేకరించిన పెద్ద గాలపు చేపలన్నీ ఆడవే ఎందుకయ్యాయన్న చిక్కుముడి దానితో విడిపోయింది. గాలం, దీపం, పెద్ద నోరు ఆడచేప సొత్తు. మగవాటికి అవేవీ లేవు. సెరాషియస్ హాల్బెల్లి అనే జాతిలో ఆడచేప 1.2 మీటర్ల పొడవు దాకా పెరిగితే, మగది దాని ముందు వేలెడంత. ఫోటోకోరినస్ స్పినిసెప్స్ అనే జాతిలో ఎదిగిన మగచేప ఒకటి 6.2 మిల్లీమీటర్లు మాత్రమే ఉంది, అంటే దాదాపు బియ్యపు గింజంత.

ఎదిగిన మగచేపకు తిండి తినే ఏర్పాటు కూడా సరిగా ఉండదు. ఉన్నవల్లా వాసన పట్టే పెద్ద ముక్కుపుటాలు, పెద్ద కళ్లు, పట్టుకారులా బిగిసే పళ్లు. కిలోమీటర్ల కొద్దీ ఖాళీ నీటిలో తన జాతి ఆడచేప వదిలిన వాసన వెంట ఈదుతూ, దగ్గరయ్యాక ఆమె దీపం ఆకారాన్ని గుర్తుపట్టి, దేహాన్ని కరిచిపట్టుకుంటుంది. కొన్ని జాతుల్లో ఈ పట్టు తాత్కాలికం. మరికొన్నింటిలో మాత్రం మగచేప పెదవుల చర్మం ఆడచేప చర్మంతో కలిసిపోయి, రెండింటి రక్తనాళాలు ఒకటై, మగది ఆమె రక్తంలోని పోషకాలతోనే జీవితాంతం బతుకుతుంది. దాని కళ్లు, జీర్ణకోశం క్షీణించి, వీర్యాన్ని తయారుచేసే అవయవం మాత్రం పెరుగుతుంది. క్రిప్టోప్సారస్ అనే జాతిలో ఒకే ఆడచేపకు 8 మగచేపలు అతుక్కుని ఉండటాన్ని గమనించారు. దీన్ని పరాన్నజీవనం అనడం వాడుకే గాని ఆ మాట పూర్తిగా న్యాయమైనది కాదు, ఎందుకంటే ఆ కలయికలో ఆడచేపకు కూడా సమానమైన లాభం ఉంది: గుడ్లు పెట్టే సమయం వచ్చినప్పుడు మళ్లీ ఎక్కడా జత వెతుక్కోనక్కర్లేదు.

ఒక ప్రాణి ఒంటికి మరో ప్రాణి ఒళ్లు అతికితే నిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా భావించి తిప్పికొట్టాలి. మనుషుల్లో మూత్రపిండం మార్చినప్పుడు జీవితాంతం మందులు వాడవలసి రావడం ఇందువల్లనే. గాలపు చేప ఆ ఇబ్బందిని ఎలా దాటిందన్న ప్రశ్నకు జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన థియోడోర్ పీట్ష్ కలిసి 2020లో జవాబిచ్చారు. శాశ్వతంగా అతుక్కునే జాతుల్లో, రోగకారకాలను గుర్తుపెట్టుకుని ప్రతిరక్షకాలను తయారుచేయడానికి అవసరమైన ముఖ్య జన్యువులే లోపించాయి. వెన్నెముక గల మిగతా ప్రాణులకు ఈ జన్యువులు పోతే ప్రాణం నిలవడం కష్టం. గాలపు చేప వాటిని వదులుకుని కూడా బతుకుతోందంటే, వేరే ఏ రక్షణతో రోగాలను ఎదుర్కొంటోందన్నది వైద్యశాస్త్రానికి కూడా పనికివచ్చే ప్రశ్న.

ఇన్ని విచిత్రాల మధ్య ఈ చేప పసితనం మాత్రం మిగతా చేపల పసితనం వంటిదే. గుడ్లు జిగురు తెరలో అంటుకుని తేలుతాయి; పిల్లలు వెలుతురున్న పైనీటిలో చిన్న చిన్న ప్రాణులను తింటూ పెరిగి, రూపం మారే దశలో లోతుకు దిగుతాయి. అందుచేత చీకటి లోకపు చేపల భవిష్యత్తు పైనీటి శుభ్రత మీద కూడా ఆధారపడి ఉందని గ్రహించాలి. పెద్దయిన చేప మళ్లీ పైకి రావడం అత్యంత అరుదు. 2025 జనవరి చివర స్పెయిన్‌కు చెందిన టెనరిఫ్ దీవి దగ్గర మూపురపు గాలపు చేప ఒకటి పట్టపగలు నీటి ఉపరితలానికి దగ్గరగా ఈదుతూ కెమెరాకు చిక్కినప్పుడు, ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. 2016లో అజోర్స్ దీవుల దగ్గర 800 మీటర్ల లోతున జలాంతర వాహనం నుంచి, అతుక్కున్న మగచేపతో సహా ఒక ఆడచేపను తొలిసారి సజీవంగా చిత్రించారు. చుట్టూ ఉన్న పొడవైన రెక్కపోగులు మిణుకు మిణుకుమంటూ మెరుస్తుండగా అది నీటిలో నిలకడగా తేలుతూ కనిపించింది.

గోదావరి ఎదుటి లోతుల్లోకి మనిషి ఇప్పటికే అడుగుపెట్టాడు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే చలికి, ఒత్తిడికి నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన మీథేన్ కోసం, జాయ్‌డిస్ రెజల్యూషన్ అనే ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వి, ఒకచోట 128 మీటర్ల మందమైన హైడ్రేట్ పొరను కనుక్కుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2018లో సింధు సాధన నౌకలో వెళ్లి, ఇదే బేసిన్ అడుగున మీథేన్ ఊరే ఊటలను, ఆ వాయువు మీద ఆధారపడిన ఆల్చిప్పల వంటి ప్రాణులను గుర్తించారు. అక్కడ చమురుకు, గ్యాస్‌కు ఉన్న విలువను లెక్కకట్టడానికి నిపుణుల కొరత లేదు. అదే నీటిలో మాటు వేసిన ప్రాణుల జాబితా తయారుచేసే పని కూడా అంతే పట్టుదలతో సాగాలి, ఎందుకంటే 130 ఏళ్ల క్రితం ఒక ఓడ వైద్యుడు వేసిన పునాది మీద నిలబడవలసిన భవనం ఇంకా చాలా ఉంది.

ఈ పనిలో తీరవాసుల చేయి కూడా కలవాలి. కాకినాడ నుంచి, ఉప్పాడ నుంచి, అంతర్వేది పల్లిపాలెం నుంచి దూరం పోయే సోనా బోట్ల వలల్లో ఎప్పుడైనా నల్లని ఒళ్లు, మీదికి తెరుచుకున్న నోరు, తల మీద తీగలాంటి ముల్లు ఉన్న చేప పడితే, కూరకు పనికిరాదని తిరిగి నీటిలో పారవేయకుండా ఐసులో ఉంచి, పట్టిన తేదీ, చోటు, నీటి లోతు ఒక కాగితం మీద రాసి, కాకినాడలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కార్యాలయానికి అందజేయాలని మత్స్యకార సోదరులకు విజ్ఞప్తి.